నర్సరీ పిల్లలకి వర్క్‌బుక్ సెట్ ఎందుకు? మా ప్రీస్కూల్ మేనేజ్‌మెంట్‌కి బహిరంగ లేఖ

మేడమ్ గారికీ సార్ గారికీ నమస్తే.

మీరు పంపిన సర్క్యులర్ చదివాను. జూన్ నుంచి నర్సరీ వాళ్ళకి కూడా వర్క్‌బుక్ సెట్ అంట, ఫోర్ లైన్ నోట్‌బుక్‌లో రోజూ ఒక పేజీ హోమ్‌వర్క్ అంట, ప్రతి శుక్రవారం చిన్న అసెస్‌మెంట్ పెట్టి గ్రేడ్ యాప్‌లో వేస్తారంట, ఎల్‌కేజీకి వచ్చేసరికి కర్సివ్ మొదలంట. కింద ఒక లైన్, "పేరెంట్స్ కోరిక మేరకు" అని. ఆ లైన్ చూశాకే ఈ లెటర్ రాద్దామనిపించింది, ఎందుకంటే నేనూ పేరెంట్‌నే, నన్నైతే ఎవరూ అడగలేదు.

తెలుగులో ఎందుకంటే మీదీ నెల్లూరు వైపే, నర్సరీలో సగానికి పైగా మనవాళ్ళ పిల్లలే, ఈ బెంగళూరు హూడీ కేఆర్ పురం చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కినా తెలుగే వినబడుతుంది కాబట్టి ఇంగ్లీష్‌లో మర్యాదగా రాసి ఎవరూ చదవకపోవడం కన్నా ఇదే మేలు. గ్రూప్‌లో అందరికీ పెడుతున్నా. స్కూల్ పేరు రాయట్లేదు, టీచర్ల పేర్లు అసలే రాయట్లేదు, గొడవ పెట్టుకునే ఉద్దేశం లేదు.

ముందు మీ వైపు న్యాయం కూడా చెప్పాలి. పక్క స్కూల్లో మూడేళ్ళకే వన్ టు హండ్రెడ్ రాసేస్తున్నారు మరి మీ దగ్గరేంటి అని రిసెప్షన్‌లో నిలబడి అడిగేది మన పేరెంట్సే. పిల్ల ఇంటికొచ్చాక ఈరోజు స్కూల్లో ఏం చేశావ్ అంటే "ఆడుకున్నా" అంటుంది, మన మొహాలు మాడిపోతాయి, అంత ఫీజు పోసింది ఆడుకోడానికా అని. అదే బ్యాగ్‌లో ఒక వర్క్‌షీట్ కనబడిందనుకోండి, ప్రాణం కుదుటపడుతుంది, దానిమీద స్టార్ కూడా ఉంటే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటాం, ఊళ్ళో నానమ్మకి పంపిస్తాం. కట్టిన ఫీజుకి రసీదు అది. మీరు ఇస్తున్నారు, మేం తీసుకుంటున్నాం, అందరం హ్యాపీ, కాకపోతే ఆ రసీదు రాయాల్సింది మాత్రం మూడున్నరేళ్ళ పిల్ల.

ఆ రాయడం ఎలా ఉంటుందో మనలో చాలామంది చూసి ఉండరు, పూర్తయిన షీటే మనకి కనబడుతుంది కాబట్టి. ఓరియెంటేషన్ రోజు నేను ఎల్‌కేజీ రూమ్ అద్దంలోంచి కాసేపు చూశా. ఒక పాప పెన్సిల్‌ని గుప్పిట్లో బిగించి పట్టుకుని చుక్కల మీద 'బి' దిద్దుతోంది. వేళ్ళు కదలట్లేదు, భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం కదుల్తోంది, రెండో చేత్తో పేపర్ పట్టుకోవాలని తెలియక పేపర్ జరిగిపోతోంది, దాంతో ఇంకా గట్టిగా నొక్కింది, పేపర్ చిరిగింది. టీచర్ గారొచ్చి చెయ్యి మీద చెయ్యి వేసి ఆ లైన్ అంతా గబగబా దిద్దించేసి పక్క పిల్లాడి దగ్గరికి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆ షీట్‌కి స్టార్ వచ్చే ఉంటుంది. ఆ స్టార్ న్యాయంగా టీచర్ గారి చేతికి రావాలి.

టీచర్‌ని ఒక్క మాట అనట్లేదండీ. 28 మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఆయా. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాలంటే ఆవిడ దగ్గర వర్క్‌షీట్ తప్ప ఇంకేం ఉంది చెప్పండి. నాకనిపించేది వర్క్‌షీట్ చదువు కోసం కన్నా పిల్లల్ని సీట్లో కూర్చోబెట్టడానికే ఎక్కువ పనికొస్తోంది అని. ఈ సంగతి కింద మళ్ళీ మాట్లాడతా, డబ్బుల లెక్కతో సహా.

ఆ పాప గుప్పిట్లో పట్టుకోవడం బద్ధకం కాదు, మొండితనం కాదు. మన మణికట్టులో ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటాయి. పుట్టిన పిల్లకి ఎక్స్‌రే తీస్తే వాటిలో ఒక్కటీ కనబడదు, అంతా మెత్తటి మృదులాస్థే. తర్వాత అటూ ఇటూగా ఏడాదికొకటి లెక్కన గట్టిపడుతూ వస్తాయి, చివరిది ఎక్స్‌రేలో కనబడేసరికి పిల్లలకి తొమ్మిది పదేళ్ళు దాటిపోతాయి. పిల్లల డాక్టర్లు ఎడమ చేతి ఎక్స్‌రే చూసి ఎముకల వయసు చెప్పేది ఇందుకే. మూడున్నరేళ్ళకి ఆ ఎనిమిదిలో మూడో నాలుగో కనబడతాయి, అంతే. ఎముకలొక్కటే కాదు, వేళ్ళలో బలం, భుజంలో బలం, కన్ను చూసిన చోటికి చెయ్యి వెళ్ళడం, ఇవన్నీ కలిసి రావాలి. అవి వచ్చేది ఎక్కడం, వేలాడటం, పిసకడం, చింపడం, నీళ్ళు పొయ్యడం, మట్టి తవ్వడం వల్ల. మన స్కూల్లో బిల్డింగ్ కింద పిల్లర్ల మధ్య, స్టిల్ట్ ఏరియాలో, ఇసుక తొట్టి ఒకటి ఉండేది గుర్తుందా, ఇప్పుడక్కడ స్కూల్ వ్యాన్ పార్క్ చేస్తున్నారు.

మొన్న చలికాలంలో మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చింది. ఇక్కడ అవరెకాయ సీజన్ అంటే తెలుసుగా, బండ్ల మీద గుట్టలు గుట్టలు. మా వైపు అనపకాయలంటాం, సొరకాయ కాదు, చిక్కుడు జాతి. కాయలు వొలిచి, గింజలు రాత్రంతా నానేసి, పొద్దున్నే ఒక్కో గింజ పట్టుకుని పితికితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున బయటికి దూకుతుంది, పితికిపప్పు పులుసుకి. మా పాప అవ్వ పక్కన చేరింది. మొదట గింజ వేళ్ళలోంచి జారిపోయేది, గట్టిగా నొక్కితే పప్పు నలిగిపోయేది, "అవ్వా ఇది రెండు ముక్కలైంది" అని కంప్లయింటు. అవ్వ ఏమీ నేర్పలేదు, తన పని తను నెమ్మదిగా చేసుకుంటూ పోయింది, అంతే. కాసేపటికి అదే కనిపెట్టింది, గింజకి ఒక పక్కన ముక్కులాగా ఉంటుంది, ఆ పక్కన కాదు, రెండో పక్క నుంచి నొక్కాలి అని. ఇంక చూస్కోండి, తోళ్ళు ఒక గిన్నెలో, పప్పులు ఒక గిన్నెలో, నలిగినవి విడిగా తన ప్లేట్లో "ఇవి పాపాయివి" అని. లేవమన్నా లేవలేదు, ఫోన్ ఊసే లేదు.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, పెన్సిల్‌కి కావాల్సింది ఈ మూడే. ఒక చేత్తో గిన్నె పట్టుకుని ఇంకో చేత్తో పని చేయడం వచ్చింది, విడదీసి పెట్టడం వచ్చింది, పెద్దది చిన్నది, ఎక్కువ తక్కువ వచ్చాయి, తప్పు జరిగితే ఎవరూ ఇంటూ మార్కు పెట్టక్కర్లేకుండా నలిగిన పప్పే చెప్పింది. కానీ ఫొటో తీసి యాప్‌లో పెట్టడానికి అక్కడ షీట్ లేదు, చిక్కంతా అదే.

ఇంట్లో చేయించుకోవచ్చుగా, స్కూల్ ఎందుకు అంటారేమో. ఇద్దరం ఉద్యోగాలు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చేసరికి ఏడున్నర, అమ్మ సంక్రాంతి కాగానే ఊరెళ్ళిపోయింది. ఇలాంటి పొద్దుటిపూటలు పిల్లకి దొరకాలనే కదా మీ దగ్గర చేర్చింది.

ఇదంతా నా సొంత వేదాంతం కాదు. 2020 జాతీయ విద్యా విధానం (ఎన్ఈపీ) మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే ఫౌండేషనల్ స్టేజ్ అని పెట్టింది, అంటే నర్సరీ నుంచి రెండో తరగతి వరకూ ఒక ముక్క, ఆట మీదే నడవాల్సిన ముక్క. దానికి 2022 అక్టోబర్‌లో వచ్చిన కరికులమ్ ఫ్రేమ్‌వర్క్‌లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి టెక్స్ట్‌బుక్స్ పెట్టనే వద్దన్నారు. టెస్టులు, ఎగ్జామ్‌లు ఈ వయసుకి అసలు సరిపడవని నేరుగా రాశారు. పిల్లల్ని గమనించి రాసుకోమన్నారు, వాళ్ళు చేసిన పనులు దాచిపెట్టమన్నారు. మీ వెబ్‌సైట్‌లో "ఎన్ఈపీ అలైన్డ్" అని పెద్ద అక్షరాల్లో ఉంది, ఆ శుక్రవారం అసెస్‌మెంట్ ఏ పేజీతో అలైన్ అయిందో మీటింగ్‌లో కొంచెం చూపించండి.

ఇంకో మాట కూడా బోర్డు మీద ఉంది, మాంటిస్సోరి అని. ఆ పేరు మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు, ఈ బెంగళూరులో పెట్టుకోని వీధి లేదు. కానీ ఆ పద్ధతి పెట్టిన మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ మన పక్కనే తిరిగిన మనిషి. 1939లో థియోసాఫికల్ సొసైటీ వాళ్ళు పిలిస్తే చెన్నైలో అడయారుకి వచ్చి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది, యుద్ధం వచ్చి ఇటలీ వాళ్ళు శత్రువులైపోయేసరికి ఇక్కడే చిక్కుకుపోయింది, కొన్నాళ్ళు కొడైకెనాల్‌లో ఉంది, 1946 దాకా ఇండియాలోనే. ఆవిడ పద్ధతిలో పెన్సిల్‌తో అక్షరాలు రాయడం ఆఖర్న వస్తుంది. ముందు గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు పెట్టి తడుముతారు, సౌండ్ చెప్తారు, ఆకారాల పలకల అంచుల వెంట గీస్తారు, నీళ్ళు ఒక జగ్గులోంచి ఇంకో జగ్గులోకి పోస్తారు, బటన్లు పెడతారు. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళు ఒకే రూమ్‌లో ఉంటారు, పెద్దవాళ్ళని చూసి చిన్నవాళ్ళు నేర్చుకుంటారు, పొద్దున దాదాపు మూడు గంటలు మధ్యలో బెల్లు ఉండదు. మన దగ్గర పింక్ టవర్ ఉంది, పిల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్క దిమ్మెలు, పది ముక్కలు, ఒక సెంటీమీటర్ నుంచి పది సెంటీమీటర్ల దాకా, చక్కగా తుడిచి రిసెప్షన్‌లో అద్దాల షోకేస్‌లో పెట్టి తాళం వేసి ఉంది. అడ్మిషన్ కోసం వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుంటారు. పిల్లలు దాన్ని ముట్టుకోగా నేనైతే చూడలేదు.

ఫారిన్ పద్ధతులు మన పిల్లలకి, మన క్లాసుల్లో ఉన్న జనానికి కుదరవు అని గ్రూప్‌లో ఒకరన్నారు. మా మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న స్కూళ్ళు పెట్టి, ఒకే గదిలో వేరే వేరే తరగతుల పిల్లలు, కార్డులు తీసుకుని ఎవరి మెట్టు వాళ్ళు ఎక్కుతూ పోయే పద్ధతి చేశారు. మైసూరు జిల్లా హెచ్‌డీ కోటె నుంచి గవర్నమెంట్ టీచర్లు వచ్చి అది చూసుకుని వెళ్ళి 1995లో నలి కలి, అంటే ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతి, మొదలుపెట్టారు, 2009-10 నుంచి కర్ణాటక అంతటా ప్రభుత్వ కన్నడ స్కూళ్ళలో చిన్న తరగతులు దాని మీదే నడిచాయి. 2003లో చెన్నై కార్పొరేషన్ స్కూళ్ళు కూడా రిషి వ్యాలీ దారే పట్టాయి. అంటే అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో నేల మీద కూర్చుని చేసిన పని. అంతా అద్భుతంగా ఉందని కాదు, నలి కలిలో కార్డుల రికార్డు రాయలేక చస్తున్నాం అని టీచర్లు అన్నారు, ఆ స్కూళ్ళ నుంచి కూడా పిల్లల్ని తీసి ఇంగ్లీష్ మీడియంలో వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు. కానీ కుదరదు అన్న మాట మాత్రం నిజం కాదు.

లెక్కల గురించి కూడా ఒక మాట. వన్ టు హండ్రెడ్ గడగడా చెప్పే పిల్లని చింతగింజల గిన్నె ముందు కూర్చోబెట్టి నాకు ఐదు ఇవ్వమ్మా అని అడగండి. చాలామంది గుప్పెడు తీసిస్తారు. అంకెల పాట రావడం వేరు, ఐదు అంటే ఎంతో తెలియడం వేరు, అది చాలామందికి నాలుగేళ్ళ చుట్టుపక్కల మెల్లగా పడుతుంది, ఎంచడం పంచడం చేస్తేనే పడుతుంది. వామనగుంటలు ఆడిన మన అత్తలు పిన్నమ్మలు ఎవరూ వర్క్‌బుక్ దిద్దలేదు, ఒక గింజ తేడా వస్తే పట్టేసేవాళ్ళు.

ఇంగ్లీష్ సంగతి. పేరెంట్ టీచర్ మీటింగ్‌లో "ఇంట్లో కూడా ఇంగ్లీష్‌లోనే మాట్లాడండి" అని మీ కోఆర్డినేటర్ గారు చెప్పారు. మా ఇంట్లో కుదరదండీ, ఊరి నుంచి వచ్చే పాప అవ్వకి రాదు. అంతకన్నా ముఖ్యం, మన ఆయమ్మది ముళబాగిలు వైపు, తెలుగు కన్నడం రెండూ ఇంట్లో మాట్లాడే మనిషి, ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని ఒడిలో కూర్చోబెట్టుకుని "ఏమైంది కన్నా" అంటే పిల్లలు ఠక్కున ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు ఆవిడ్ని కూడా "నో క్రైయింగ్ బేబీ, సిట్ డౌన్" అనమన్నారంట. ఆవిడకి ఆ రెండు ముక్కలే వచ్చు, దాంతో అంతకన్నా మాట్లాడ్డం మానేసింది. మూడేళ్ళ పిల్ల రోజంతా గడిపే చోట బాగా మాట్లాడగలిగే ఒక్క మనిషి నోరు మూయించాం మనం. ఇంటి భాషలో మాటలు, కథలు, పొడుపుకథలు బాగా నడిచిన పిల్లకి రెండో భాష దాని మీద నిలబడుతుంది, ఆ కరికులమ్ ఫ్రేమ్‌వర్క్ కూడా ఈ వయసులో ఇంటి భాషే ముందు అంటుంది. కన్నడం కూడా రావాలి, ఈ ఊరి పిల్లలు వీళ్ళు, పార్కులో ఫ్రెండ్స్ దగ్గర ఎలాగూ పట్టేస్తున్నారు.

ఇప్పుడు మన పేరెంట్స్‌కి. మనందరి భయం ఒకటే, ఫస్ట్ క్లాస్‌కి పెద్ద స్కూల్‌లో సీటు, అక్కడ ఇంటరాక్షన్ అని పిలిచి రాయమంటారేమో అని. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 13 ఒకసారి చదవండి. అడ్మిషన్‌కి పిల్లనిగానీ తల్లిదండ్రుల్నిగానీ స్క్రీనింగ్ చేయకూడదు, చేస్తే మొదటిసారి 25 వేల దాకా ఫైన్, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా. వాళ్ళు పేరు మార్చి చేస్తూనే ఉంటారు, తెలుసు, దానికి వాళ్ళని నిలదీయాలి, మూడేళ్ళ పిల్లని ఇంత ముందే దిద్దించి తయారు చేయడం కాదు. పైగా కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1కి ఆరేళ్ళు నిండాలి అని రూల్ పెట్టారు, 2025-26 ఒక్క ఏడాదికి 5 ఏళ్ళ 5 నెలలకి సడలించారు. ఆరేళ్ళకి వెళ్ళే చోటికి మూడేళ్ళకే ఎందుకింత పరుగు?

ఇక డబ్బుల లెక్క. వర్క్‌బుక్ సెట్ 4,500 అన్నారు. నర్సరీ రెండు సెక్షన్లు కలిపి 56 మంది. అంటే 2,52,000 రూపాయలు. పన్నెండు నెలలకి పంచితే నెలకి 21 వేలు. మన ఏరియాలో ప్రీస్కూల్ టీచర్ జీతం ఎంతో మీకు నాకన్నా బాగా తెలుసు. ఆ డబ్బుతో ఇంకో టీచర్ వస్తారు, 56 మందికి ముగ్గురు టీచర్లు అవుతారు, ఒక్కొక్కరి దగ్గర 19 మంది లోపే. ప్రైవేట్ ప్లే స్కూళ్ళకి జాతీయ బాలల హక్కుల కమిషన్ పెట్టిన గైడ్‌లైన్స్‌లో 20 మందికి ఒక టీచర్, ఒక కేర్‌టేకర్ ఉండాలని ఉంది. ఇప్పుడు మనం ఆ లెక్క దాటి ఉన్నాం, బుక్స్ కొనే డబ్బుతోనే టీచర్ల వరకూ ఆ లెక్క లోపలికి రావచ్చు. ఇరవై మంది లోపు ఉంటే టీచర్‌కి వర్క్‌షీట్ అవసరమే పడదు, ఒక పిల్ల ఏం చేస్తోందో నిలబడి చూసే తీరిక దొరుకుతుంది.

అది జరిగితే మీరు మాకు ఇవ్వాల్సిన రసీదు కూడా మారుతుంది. శుక్రవారం గ్రేడ్ తీసేసి రెండు వారాలకోసారి ఒక్కో పిల్ల గురించి టీచర్ తను కళ్ళారా చూసింది రెండు లైన్లు రాస్తే చాలు. "నీళ్ళు ఒలికాయి, చెప్పకుండానే గుడ్డ తెచ్చుకుంది." "కథలో ముసలమ్మ దగ్గర భయపడి పక్క పాప చెయ్యి పట్టుకుంది, మర్నాడు అదే కథ మళ్ళీ అడిగింది." ఏ భాషలో రాసినా పర్లేదు, తప్పులున్నా పర్లేదు, నాకు బి ప్లస్ కన్నా ఇవి కావాలి. రోజుకి ఒక పేరెంట్‌ని అరగంట రూమ్ మూలన నోరు మూసుకుని కూర్చోనివ్వండి, ఫోన్ బయట పెట్టి. పిల్ల "ఆడుకున్నా" అన్న మాటలో ఏముందో మనకే తెలుస్తుంది, పక్క స్కూల్‌తో పోల్చడం కూడా తగ్గుతుందని నా నమ్మకం. షోకేస్ తాళం తీయండి. వ్యాన్‌కి ఇంకో చోటు చూసి ఇసుక తొట్టి వెనక్కి పెట్టండి. ఆయమ్మని ఆవిడ భాషలో మాట్లాడనివ్వండి, దీనికి ఖర్చు కూడా లేదు.

యూకేజీ చివర్లో చేతులు సిద్ధంగా ఉన్నవాళ్ళకి రాయడం మొదలుపెట్టండి, వద్దనట్లేదు. అప్పటిదాకా ఎవరైనా తనంతట తను పెన్సిల్ తీసుకుని గీస్తానంటే అడ్డం పడాల్సిన పనీ లేదు.

శనివారం మీటింగ్‌కి వస్తున్నా. సెట్ డబ్బులు ఇంకా కట్టలేదు. బుక్స్ కోసం అయితే కట్టను, మూడో టీచర్ కోసం అని రసీదులో రాసిస్తే ఆ 4,500 అదే రోజు కట్టేస్తా. మిగతా పేరెంట్స్‌లో ఇలా కట్టడానికి ఒప్పుకునేవాళ్ళు శుక్రవారం లోపు మీ పిల్లల సెక్షన్ చెప్పి నాకు మెసేజ్ పెట్టండి, ఎంతమంది అయ్యారో లిస్ట్ పట్టుకుని మీటింగ్‌కి వస్తాను. ఒప్పుకోనివాళ్ళు కూడా రండి, మీ పిల్ల కర్సివ్ రాయాలని మీకెందుకుందో నాకు నిజంగానే వినాలనుంది.

ఇట్లు,
నర్సరీ బి సెక్షన్ పాప వాళ్ళమ్మ